కెరటం ఎదుట కట్టే ఇల్లు: మెంతవాయ్ దీవుల్లో పర్యావరణహిత రిసార్టు లెక్కలు

వెదురు గోడలు, ఆకుల కప్పు, ముంగిట నాలుగు కొబ్బరిచెట్లు, ఎదురుగా నీలి సముద్రం. పర్యావరణహిత రిసార్టు అనగానే చాలామంది కళ్ళ ముందు నిలిచేది ఈ బొమ్మే. మారుమూల దీవిలో అలాంటి రిసార్టు కట్టడంలో తేలికైన పనులన్నీ ఈ బొమ్మలో కనిపిస్తాయి. కష్టమైనవి మాత్రం ఇసుక కింద, నీటి అడుగున, భూమి దస్తావేజుల్లో ఉండిపోతాయి. ఒక రిసార్టు దీవికి మేలు చేస్తుందో కీడు చేస్తుందో తేల్చేవి ఆ కనిపించని పనులే. వాటిని విడమరచి చూడడానికి ఇండోనేసియాలోని మెంతవాయ్ దీవులకు మించిన ఉదాహరణ నాకు తోచలేదు.

సుమత్రా పశ్చిమ తీరంలోని పడాంగ్ నగరానికి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రంలో ఈ దీవులు ఉన్నాయి. సిబెరుట్, సిపోరా, ఉత్తర పగాయ్, దక్షిణ పగాయ్ అనే నాలుగు పెద్ద దీవుల చుట్టూ పదులకొద్దీ చిన్న దీవులు పరుచుకుని ఉంటాయి. 1990ల తొలినాళ్ళలో, పలక మీద నిలిచి కెరటాలపై జారే విదేశీ సర్ఫర్లు ఇక్కడి కెరటాలను కనుగొన్నప్పుడు వారికి పడవలే ఇళ్ళు. వారాల తరబడి పడవల్లోనే తిని, పడుకుని, తెల్లవారగానే పలక పట్టుకుని నీటిలో దూకేవారు. ఒడ్డున కుటీరాలు, రిసార్టులు తరువాతి కాలంలో వెలిశాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు సాగే సర్ఫింగ్ కాలమే వాటికి పంట కాలం.

అతిథి ఇంత దూరం వచ్చేది కెరటం కోసం కాబట్టి ముందుగా దాని సంగతి తెలుసుకోవాలి. అంటార్కిటికాకు ఎగువనున్న దక్షిణ మహాసముద్రంలో తుఫాను గాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరతాయి. ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య 15 సెకన్ల వ్యవధి ఉన్న అల లోతైన సముద్రంలో దాదాపు 350 మీటర్ల పొడవుంటుంది. అలాంటి అలల గుంపు రోజుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు సాగుతుంది. నీటి లోతు తన పొడవులో సగానికి తగ్గేదాకా, అంటే 175 మీటర్లకు చేరేదాకా, అలకు నేల ఉన్నట్టే తెలియదు. మెంతవాయ్‌లో చాలాచోట్ల లోతైన సముద్రం పగడపు దిబ్బ అంచు దాకా వస్తుంది కనుక, అల తన బలాన్ని దారిలో పెద్దగా పోగొట్టుకోకుండా వచ్చి హఠాత్తుగా దిబ్బకు తగులుతుంది. అడుగుభాగం నెమ్మదిస్తే పైభాగం ముందుకు దూకి గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ చుట్ట ఎంత పొడవున, ఏ వైపుకు, ఎంత నునుపుగా విచ్చుకుంటుందనేది దిబ్బ వంపు మీద ఆధారపడి ఉంటుంది. ఆ దిబ్బ ప్రాణమున్న కట్టడం. పగడపు పురుగులు తరతరాలుగా సున్నం పేర్చి దానిని పెంచుతూ వస్తున్నాయి. పురుగులు చనిపోయినా సున్నపు ఎముకలగూడు కొంతకాలం నిలుస్తుంది, కెరటం విరుగుతూనే ఉంటుంది. అయితే ఆ గూడును తొలిచేవి, అరగదీసేవి తమ పని ఆపవు, పూడ్చే ప్రాణులే ఉండవు.

ఈ దిబ్బలు ఎలా చనిపోతాయో మెంతవాయ్ ఒకసారి కళ్ళారా చూసింది. 1997లో హిందూ మహాసముద్రపు పడమటి భాగం వేడెక్కి తూర్పు భాగం చల్లబడింది. శాస్త్రజ్ఞులు డైపోల్ అని పిలిచే ఆ పరిస్థితిలో ఇండోనేసియాలో వానలు ముఖం చాటేశాయి, అడవులు తగలబడ్డాయి. లోతు నుంచి పైకి పొంగిన చల్లని నీరు పోషకాలను మోసుకొచ్చింది. దానికి తోడు కార్చిచ్చు పొగతో వచ్చిన ఇనుము సముద్రానికి ఎరువుగా పడింది. నీటిలోని సూక్ష్మమైన నాచు విపరీతంగా పెరిగి సముద్రం ఎర్రబారింది. అది కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేయడంతో మెంతవాయ్ తీరం వెంబడి పగడాలు, చేపలు ఊపిరాడక మూకుమ్మడిగా చనిపోయాయి. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ కారణాల గొలుసును వివరించింది. ఒక రిసార్టు వదిలే మురుగును అంతటి ఉత్పాతంతో పోల్చడం సరికాదు. కానీ పోషకాలు తక్కువగా ఉన్న తేట నీటికి అలవాటుపడిన పగడానికి ఎరువే విషమవుతుందన్న సూత్రం రెండింటికీ ఒకటే. అందుకే నా దృష్టిలో రిసార్టు ప్లాను గీయడం మరుగుదొడ్డి దగ్గర మొదలుకావాలి.

అయితే మరుగుదొడ్డి దాకా వెళ్ళాలంటే నీళ్ళ మీదుగానే వెళ్ళాలి. చిన్న ఇసుక దీవిలో బావి తవ్వితే మంచినీళ్ళు పడడం కొత్తవారికి వింతగా ఉంటుంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, తనకన్నా బరువైన ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. రెండింటి సాంద్రతల మధ్య ఉన్న తేడా వల్ల, సముద్రమట్టానికి ఎగువన మంచినీరు ఒక అడుగు నిలిస్తే దిగువన సుమారు 40 అడుగుల మందాన మంచినీరు ఉంటుంది. ఈ లెక్క వినడానికి బాగుంటుంది కానీ తిరగేసి చూస్తే గుండె గుభేలుమంటుంది. మోటారు పెట్టి పైమట్టాన్ని 10 సెంటీమీటర్లు దించితే, కింది నుంచి ఉప్పునీరు 4 మీటర్లు పైకి ఎగదన్నగలదు. ఒకసారి ఉప్పుబారిన బావి కోలుకోవడానికి ఎన్ని వానాకాలాలు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ నీటిపొర మీదే పక్క ఊరి బావులు కూడా బతుకుతున్నాయి.

బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో సేద్యం చేసిన కుటుంబాలకు ఈ సంగతి కొత్తది కాదు. అక్కడి రైతులు లోతుగా బోరు వేయరు. దొరువు తవ్వుతారు. లోతు తక్కువగా, వెడల్పుగా ఉండే ఆ గుంటలోకి పైపొర మంచినీరు మాత్రమే ఊరుతుంది. దానిని కడవలతో ముంచి నారుమళ్ళకు పోసుకునేవారు. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఇదే పద్ధతిని మెరుగుపరచి, నేలలో కొద్ది లోతున చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటి నీటిని మధ్యనున్న బావిలోకి చేర్చే ఏర్పాటు రూపొందించారు. మెంతవాయ్ ఇసుకదీవిలో బావి తప్పనిసరి అయితే తవ్వవలసింది ఇలాంటిదే. నిలువు బోరు మాట అక్కడ తలపెట్టకూడదు.

అంతకన్నా మంచి దారి ఆకాశం వైపు చూడడం. ఈ దీవుల్లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 16 మంది అతిథులు, 14 మంది పనివారు, మొత్తం 30 మంది ఉండే రిసార్టును ఊహించుకుని, మనిషికి రోజుకు 120 లీటర్ల చొప్పున లెక్కవేస్తే 3,600 లీటర్లు కావాలి. అన్ని భవనాలకూ కలిపి 600 చదరపు మీటర్ల కప్పు ఉండి, పడిన వానలో ఐదో వంతు వృథా పోయిందనుకున్నా, ఏడాది సగటున రోజుకు 3,900 లీటర్లు దక్కుతాయి. చాలీచాలకుండా చాలుతుంది. వానలేని 20 రోజులు గడవాలంటే 72,000 లీటర్ల ట్యాంకులు ఉండాలి. 1997 వంటి డైపోల్ ఏడాదిలో అవీ చాలవు కనుక, కరువు నెలల్లో గదులు తగ్గించి నడపడానికి యజమాని ముందే సిద్ధపడాలి.

బొమ్మలోని ఆకుల కప్పు చిక్కు తెచ్చేది ఇక్కడే. సగ్గుబియ్యపు చెట్టు ఆకులతో నేసిన కప్పు చల్లగా ఉంటుంది, స్థానికంగా దొరుకుతుంది, నేసేవారికి పని కల్పిస్తుంది. కానీ దాని మీదుగా జారిన నీరు టీ రంగులో, ఆకు తునకలతో, పురుగులతో వస్తుంది. తాగడానికి పనికిరాదు సరికదా ట్యాంకులను కూడా పాడుచేస్తుంది. ఫొటోలో అందంగా కనిపించని రేకు కప్పే నీటి విషయంలో దీవికి మేలు చేస్తుంది. భోజనశాల, వరండాల మీద ఆకు కప్పి, గదులు, వంటిల్లు, గిడ్డంగి మీద రేకులు వేయడం సరైన రాజీ అని నా అభిప్రాయం. రేకు అంచున తూము, తూము చివర ఒక నిలువు గొట్టం ఉండాలి. వాన మొదలవగానే కప్పు మీది పక్షిరెట్టలు, దుమ్ము, ఉప్పుపొర మొదటి నీటితో కొట్టుకొచ్చి ఆ గొట్టంలో పడతాయి. గొట్టం నిండుతుండగా లోపలి బంతి నీటితోపాటు పైకి తేలి మూతిని మూసేస్తుంది, ఆ తరువాతి శుభ్రమైన నీరు ట్యాంకు దారి పడుతుంది. వాన వెలిశాక అడుగున ఉన్న బిరడా విప్పి మురికినీరు వదిలేయాలి. ట్యాంకు మూతులన్నిటికీ సన్నని జాలీ ఉండాలి. మలేరియా ఈ దీవులకు కొత్త కాదు. సర్ఫింగ్ కోసం వచ్చి, ఊళ్ళలో ఆ జబ్బు తీవ్రత చూసిన న్యూజిలాండ్ వైద్యుడు డేవ్ జెంకిన్స్ 2000లో సర్ఫ్‌ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించారు.

వాడిన నీరు ఎక్కడికి పోతుంది? చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకు కట్టి పని ముగిసిందనుకుంటారు. సెప్టిక్ ట్యాంకు చేసేది గట్టి పదార్థాన్ని అడుగున దించడం మాత్రమే. కరిగి ఉన్న నత్రజని దాదాపు మొత్తం బయటికి వెళ్ళే నీటిలోనే ఉంటుంది. మనిషి శరీరం నుంచి రోజుకు సుమారు 12 గ్రాముల నత్రజని వెలువడుతుంది, అందులో అధికభాగం మూత్రంలోనిదే. 30 మంది, 200 రోజుల సీజను అనుకుంటే 72 కిలోలు. పగడపు ఇసుక జల్లెడ లాంటిది. అందులో ఇంకిన మురుగు భూగర్భజలంతో కలిసి సముద్రం వైపు, అంటే నేరుగా దిబ్బ మీదికి, నడుస్తుంది. ఆ నత్రజనితో పెరిగిన నాచు పగడాన్ని కప్పేస్తుంది. అంటే రిసార్టు ఏ కెరటాన్ని చూపించి అతిథిని పిలుస్తోందో, దాని పునాదిని తన మరుగుదొడ్డితోనే తొలుస్తోంది. కాబట్టి ట్యాంకు దాటిన నీటిని అడుగు నుంచి ఇంకిపోని తొట్టెలో, కంకర మీద పెంచిన మెట్టతామర, రెల్లు వంటి మొక్కల గుండా పోనిచ్చి, ఆ తరువాత అరటి గుంటలకు మళ్ళించాలి. అరటి నీటిని, నత్రజనిని ఇష్టంగా తాగుతుంది. మూత్రాన్ని వేరుచేసే మరుగుదొడ్లు పెట్టగలిగితే సగానికి సగం బరువు ముందే తగ్గుతుంది. ఈ తోట భూగర్భజలానికి వీలైనంత ఎత్తున, తీరానికి వీలైనంత దూరంగా, బావికి దిగువన ఉండాలి. సముద్రం కనిపించే మంచి స్థలమంతా గదులకు ఇచ్చి, మిగిలిన మూలను మురుగుకు కేటాయించే అలవాటును ఇక్కడ తిరగరాయాలి.

కట్టడపు సామగ్రి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, దాని గురించి అందరూ చెబుతూనే ఉంటారు. కాపు తగ్గిన ముదురు కొబ్బరిచెట్ల మొదలు భాగంలో, బెరడు వైపు ఉండే నల్లని చేవ స్తంభాలకు, దూలాలకు పనికివస్తుంది. లోపలి మెత్తని భాగాన్ని బరువు మోసేచోట వాడకూడదు. బోర్నియో దీవిలోని కాలిమంతాన్ అడవుల ఇనుపకలప ఎంత మన్నికైనదైనా, అది ఎక్కడ, ఎవరి అనుమతితో నరికినదో పత్రం చూపలేకపోతే దానిని దింపుకోకపోవడమే మంచిది. అన్నిటికన్నా ముందుగా ఓడిపోయేది మేకు. ఉప్పుగాలికి మామూలు మేకు చుట్టూ కొయ్య నల్లబడి, మెత్తబడి, మూడు నాలుగేళ్ళలో కీలు వదులవుతుంది. సముద్రపు వాడకానికి తగిన స్టెయిన్‌లెస్ బోల్టులు ఖరీదైనవే, అయినా అక్కడ మిగుల్చుకున్న డబ్బు మిగలదు. కాంక్రీటు కోసం తీరపు ఇసుకను, విరిచిన పగడాన్ని వాడడం రెండు విధాలా తప్పు. తీరం కోసుకుపోతుంది, ఉప్పు పట్టిన ఇసుకలో కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి గోడను పగలగొడుతుంది.

సౌరవిద్యుత్తు లెక్క అంతా ఎయిర్ కండిషనర్ చుట్టూ తిరుగుతుంది. పంకాలు, దీపాలు, ఫ్రీజర్లు, నీటి మోటార్లకు రోజుకు 40 యూనిట్లు సరిపోతే, ఇక్కడి మబ్బులను లెక్కలోకి తీసుకుని 12, 13 కిలోవాట్ల ఫలకాలు చాలు. పది గదుల్లో రాత్రంతా ఏసీలు నడిస్తే మరో 60 యూనిట్లు చేరి, ఫలకాలు, బ్యాటరీలు రెండున్నర రెట్లవుతాయి. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, గాలికి అడ్డం రాని గది అమరిక ఆ ఖర్చును ఆదా చేస్తాయి. ఇక్కడ ఒక మాట దాచకూడదు. సర్ఫర్లను రోజూ కెరటాల దగ్గరికి మోసుకెళ్ళే స్పీడుబోట్లు తాగే పెట్రోలును, ఖండాలు దాటి వచ్చే విమానాల పొగను ఈ ఫలకాలు చెరిపేయలేవు. నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో కెరటం ఉన్న స్థలాన్ని ఎంచుకోవడం, తక్కువమంది ఎక్కువ రోజులు ఉండేలా నడపడం మాత్రమే ఆ భారాన్ని కొంత తగ్గిస్తాయి. చెత్త మోసుకెళ్ళే మునిసిపల్ బండి ఇక్కడ ఉండదు కనుక, పడాంగ్ నుంచి సరుకు తెచ్చిన పడవే ఖాళీ సీసాలను, ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకువెళ్ళాలి.

భూమి విషయం వేరే చిక్కుముడి. ఇండోనేసియాలో 1960 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయులకు పూర్తి యాజమాన్య హక్కు ఉండదు. విదేశీ పెట్టుబడితో అక్కడే నమోదైన కంపెనీ, భూమి మీద కట్టుకునే హక్కును మొదట 30 ఏళ్ళకు పొంది, తరువాత మరో 20 ఏళ్ళు పొడిగించుకోవచ్చు. స్థానికుడి పేరు మీద కొని, లోపాయికారీ ఒప్పందం రాసుకునే అడ్డదారిని చాలామంది తొక్కుతారు. ఆ ఒప్పందం చట్టం ముందు చెల్లదు. ఇక మెంతవాయ్ సంప్రదాయంలో భూమి వంశానిది, ఒక్క మనిషిది కాదు. వంశం అంతా కూడే పెద్ద ఇంటిని, ఆ ఇంటివారిని కూడా ఉమా అనే పిలుస్తారు. భూమి ఒక ఉమాది అయినా దాని మీది కొబ్బరి, దురియన్, సగ్గుబియ్యపు చెట్లు నాటినవారి సంతతికి చెందవచ్చు. అందువల్ల ఒకరి దగ్గర సంతకం తీసుకుని ఒప్పందం అయిపోయిందనుకున్నవారికి, పునాది తవ్వేటప్పుడు మరో ముగ్గురు ఎదురవుతారు. వారు అడిగేది న్యాయమే. ఏళ్ళు పట్టినా సరే, కూర్చుని, అందరి మాటా విని, హద్దురాళ్ళ దగ్గరికి కలిసి నడిచి, చెట్టు చెట్టుకూ మాట్లాడుకోవడమే సరైన పద్ధతి. రిసార్టు సాధారణంగా దెబ్బతినేది ఈ పనిని తొందరపెట్టినచోటే.

చట్టం చెప్పే మరో కొలత తీరం వెంట ఖాళీగా వదలవలసిన పట్టీది. అత్యధిక పోటు చేరే గీత నుంచి భూమి వైపు కనీసం 100 మీటర్లు తీరానికే వదిలిపెట్టాలి. చూపు కోసం ఆ పట్టీలోని మొగలి పొదలను, పొన్నచెట్లను నరికేసే యజమాని, గాలికీ కెరటానికీ ఉన్న ఒకే ఒక్క అడ్డును తన చేతులతోనే తీసేస్తున్నాడు.

పైగా ఆ గీత నిలకడగా ఉండేది కాదు. మెంతవాయ్ కింద ఒక భూఫలకం మరొకదాని అడుగుకు దూరుతోంది. పెద్ద భూకంపాల మధ్య కాలంలో ఈ దీవులు కొద్దికొద్దిగా కుంగుతాయి, భూకంపం వచ్చినప్పుడు లేస్తాయి. అత్యల్ప ఆటు మట్టం దాకా మాత్రమే పెరగగల పగడపు గుండ్లు, చెట్టు మొదలులోని వలయాల్లా, ఆ హెచ్చుతగ్గులను తమలో దాచుకున్నాయి. అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు కెరీ సీ, ఇండోనేసియా శాస్త్రజ్ఞుడు డానీ హిల్మాన్ నటవిజయ తదితరులు ఆ గుండ్లను కోసి, 1797, 1833 నాటి మహా భూకంపాల ఆనవాళ్ళను చదివారు. కొన్నిచోట్ల నేల ఏడాదికి ఒక సెంటీమీటరు దాపుల కుంగుతోంది. 30 ఏళ్ళ హక్కు ముగిసేసరికి అది 30 సెంటీమీటర్లు. ఉత్తరాన ఉన్న నియాస్ దీవిలో దీనికి విరుద్ధంగా జరిగింది. 2005 మార్చి 28 భూకంపంలో అక్కడి పడమటి తీరం కొన్నిచోట్ల దాదాపు 3 మీటర్లు పైకి లేచి, పగడపు దిబ్బలు గట్టున పడి ఎండిపోయాయి. లగుంద్రి అఖాతపు ప్రసిద్ధ కెరటం తీరే మారిపోయింది.

2004 డిసెంబరు 26న మన కోస్తాలో వందకు పైగా ప్రాణాలు తీసిన సునామీ ఈ సుమత్రా కందకం ఉత్తర భాగంలోనే పుట్టింది. ఆ తరువాత 2007లో హైదరాబాద్‌లోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఇండోనేసియా, ఆస్ట్రేలియా కేంద్రాలతో పాటు ఇప్పుడది హిందూ మహాసముద్ర దేశాలన్నిటికీ సమాచారం పంపుతోంది. మనకు అల చేరడానికి రెండు, మూడు గంటలు పడుతుంది కాబట్టి ఆ హెచ్చరిక మనల్ని కాపాడగలదు. మెంతవాయ్‌కి ఉన్నవి నిమిషాలు. 2010 అక్టోబరు 25 రాత్రి వచ్చిన భూకంపం తీవ్రత 7.8 దాకా ఉన్నా, ఊపు మెల్లగా, చాలాసేపు సాగింది. 2007లో అంతకన్నా గట్టి కుదుపును చూసిన జనం దీనిని లెక్కచేయలేదు. పగాయ్ దీవుల పడమటి తీరాన్ని ముంచిన కెరటాలు కొన్నిచోట్ల 16 మీటర్ల పైకి ఎగబాకి, 400 మందికి పైగా బలిగొన్నాయి. మెల్లగా, ఎక్కువసేపు ఊగే నేలే అక్కడ సైరన్.

అందువల్ల స్థలం ఎంపికలో కెరటం ఎంత దగ్గర అనే ప్రశ్నతో సమానంగా గుట్ట ఎంత దగ్గర అనేది అడగాలి. గుట్టే లేని చదునైన ఇసుకదీవి అయితే, మొదటి గది కంటే ముందే లోతైన పునాదుల మీద, కెరటం స్తంభాల మధ్య నుంచి పారిపోయేలా, అందరూ నిలవగల ఎత్తైన వేదిక కట్టాలి. గుట్ట ఉంటే అక్కడికి పోయే దారి తరచుగా మరో ఉమా కొబ్బరితోట గుండానే ఉంటుంది. రిసార్టు భూమి ఒప్పందంలో ఆ దారి కూడా చేరాలి. ఎవరి చెట్ల మధ్య నుంచి అది వెళుతుందో, వారికి ఏటా ఏమి చెల్లిస్తారో, వర్షానికి కొట్టుకుపోయిన మెట్లను ఎవరు సరిచేస్తారో, ఊరివారు కూడా అదే దారిన పరుగెత్తడానికి వీలుగా ఎంత వెడల్పు ఉంచుతారో రాసుకోవాలి. ఆ తరువాత వచ్చిన ప్రతి అతిథినీ మొదటి రాత్రే, సామాను విప్పకముందే, టార్చిలైటు చేతికిచ్చి, చెప్పుల్లేని కాళ్ళతో ఆ దారిన గుట్ట మీదికి ఒకసారి నడిపించి, పట్టిన నిమిషాలు లెక్కపెట్టి చూపించాలి.